నోరు విప్పని ప్రణయం, గాలిలో తేలే ఖడ్గం

ఆంగ్ లీ దర్శకత్వంలో 2000లో వచ్చిన ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ చిత్రంలో ఇద్దరు నడివయసు యోధులు, లీ ము బాయ్, యు షు లియెన్, ప్రయాణం మధ్యలో ఒకచోట ఆగి కూర్చుంటారు. ఎన్నో ఏళ్లుగా ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉన్న సంగతి వారికే కాదు, చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. ఆ పూట అతడు ఆమె చేతిని అందుకుని తన చెంపకు ఆనించుకుంటాడు. కత్తి సాధనతో కాయలు కాచిన ఆ చేతిని తాకే ధైర్యం ఇన్నాళ్లూ తనకు లేకపోయిందని అంటాడు. రెండు గంటల చిత్రంలో, కథ చివరికి వచ్చేదాకా, వారిద్దరి మధ్య జరిగే ప్రేమ వ్యవహారం ఇంతే. చివరికి విషం ఒంట్లోకి పాకి అతడు మరణానికి చేరువైనప్పుడు, మిగిలిన ఊపిరిని ధ్యానంలో నిలిపి ఆత్మను కాపాడుకోమని ఆమె వేడుకుంటుంది. జీవితమంతా వృథా చేసుకున్నానని, ఈ చివరి ఊపిరిని మాత్రం నిన్ను ప్రేమించానని చెప్పడానికే వాడుకుంటానని అతడు బదులిస్తాడు.

ఈ చిత్రాలను మొదటిసారి చూసే తెలుగు ప్రేక్షకుడికి ఇక్కడే చిక్కు పడుతుంది. గోడల మీద పరిగెత్తగలిగిన మనుషులు, నీటి మీద అడుగులు వేయగలిగిన మనుషులు, వెదురు కొమ్మ చివర నిలబడి కత్తి తిప్పగలిగిన మనుషులు ఒక చిన్న మాటను ఇరవై ఏళ్లయినా పెదవి దాటించలేకపోవడం ఏమిటి? ఎగరడం అతిశయోక్తిగానూ, మౌనం మితిమీరిన బిగువుగానూ తోచి, ఈ రెండూ ఒకే సినిమాలో ఎలా ఇముడుతున్నాయో అర్థం కాక చాలామంది వీటిని కంటికి విందు చేసే కాలక్షేపాలుగా పక్కన పెట్టేస్తారు. నిజానికి ఆ రెండూ ఒకదానిలోంచి ఒకటి పుట్టినవే. మాటకు అనుమతి లేని లోకంలో ఆ మాట చేయవలసిన పనిని దేహం, వస్త్రం, రంగు, గాలి చేయవలసి వచ్చింది. ఈ చిత్రాల అందానికి మూలం అక్కడుంది.

ముందుగా పేర్ల గందరగోళం తీర్చుకోవాలి. మనం చైనా పోరాట చిత్రాలన్నిటినీ గంపగుత్తగా ‘కుంగ్‌ఫూ సినిమాలు’ అంటాం. బ్రూస్ లీ ద్వారా మనకు పరిచయమైన ఆ పద్ధతిలో ఆయుధం ప్రధానంగా పిడికిలి, కాలం దాదాపు మనకు దగ్గరిది, నటుడి శరీరబలమే ఆకర్షణ. ఇక్కడ మాట్లాడుతున్నది ‘వుషియా’ గురించి. ‘వు’ అంటే యుద్ధవిద్య, ‘షియా’ అంటే ధర్మం కోసం కత్తి పట్టే వ్యక్తి. దీని కాలం రాజవంశాల నాటిది, ఆయుధం ఖడ్గం, విద్యలలో ముఖ్యమైనది దేహాన్ని తేలిక చేసుకునే ‘చింగ్‌గొంగ్’. ఊపిరిని అదుపు చేయగలిగినవాడికి శరీరం బరువు తగ్గుతుందన్న నమ్మకం నుంచి ఈ విద్య కల్పన పుట్టింది. అందుకే వీరు పక్షుల్లా రెక్కలాడిస్తూ ఎగరరు. ఆకు తేలినట్టు తేలుతారు, కొమ్మను ఆసరా చేసుకుని మళ్లీ లేస్తారు. చూసేవాడు నవ్వుకోవడానికీ, నిశ్శబ్దంగా చూస్తూ ఉండిపోవడానికీ మధ్య తేడా తరచుగా ఆ తేలడంలోని లయ మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ యోధులు తిరిగే లోకం పేరు ‘జియాంగ్‌హు’. మాటకు మాటగా ‘నదులు, సరస్సులు’ అని అర్థం. రాజుల చట్టానికి, కుటుంబ కట్టుబాటుకు వెలుపల సత్రాలలో, దారులలో, అడవులలో, మఠాలలో విస్తరించిన సమాంతర ప్రపంచం అది. అయితే చట్టం లేనంత మాత్రాన అక్కడ కట్టుబాటు లేదనుకోకూడదు. ఉన్నది మరింత కఠినమైనది. క్రీ.పూ. 91 ప్రాంతంలో పూర్తయిన ‘షిజీ’ అనే చరిత్ర గ్రంథంలో సిమా చియెన్ ఇటువంటి సంచార వీరుల కోసం ఒక అధ్యాయమే కేటాయించాడు. వారు ఆడిన మాట తప్పరని, ఒప్పుకున్న పనిని ప్రాణానికి తెగించి అయినా పూర్తి చేస్తారని మెచ్చుకున్నాడు. మాట ఇవ్వడం, ఋణం తీర్చడం, గురువు హత్యకు బదులు తీర్చడం, ప్రమాణం చేసుకున్న సోదరుడి గౌరవం కాపాడడం వంటి బాధ్యతలన్నిటినీ కలిపి చైనీయులు ‘యి’ అంటారు. ప్రేమకు అడ్డు నిలిచేది ఆ ‘యి’. షు లియెన్‌కు ఒకప్పుడు నిశ్చయమైన వరుడు లీ ము బాయ్‌కి ప్రమాణ సోదరుడు, అతడు చనిపోయాడు. చనిపోయినవాడి గౌరవానికి బతికున్న ఇద్దరూ కట్టుబడ్డారు. వారిని విడదీసిన ప్రతినాయకుడంటూ ఎవరూ లేరు.

మన అలంకారశాస్త్రం విప్రలంభ శృంగారానికి ప్రవాసం, మానం, శాపం వంటి కారణాలు చెప్పింది. వాటిలో చాలావరకు ఎడబాటుకు దూరమో, అలకో, దైవమో కారణం. వుషియాలో ఎడబాటు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నవారి మధ్య ఉంటుంది. మన పాత జానపద చిత్రాల కత్తియుద్ధాలతో వీటిని పోల్చడం సహజమే గానీ, ఒక తేడా గుర్తించకపోతే పోలిక తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ వీరుడు రాకుమారి కోసం పోరాడతాడు, రాకుమారి ఎదురుచూస్తుంది. ఇక్కడ ఆమె చేతిలోనూ కత్తి ఉంటుంది, చాలాసార్లు అతడికన్నా బాగా తిప్పుతుంది. తాంగ్ వంశకాలపు కథలలోనే నియె యిన్‌నియాంగ్ వంటి స్త్రీ హంతకులు కనిపిస్తారు. పెకింగ్ ఓపెరా అనే చైనా సంగీత నాటకంలో యుద్ధవిద్య తెలిసిన స్త్రీ పాత్ర ప్రత్యేకమైన ఒక విభాగం. ప్రేమికులిద్దరూ యోధులైనప్పుడు వారి మధ్య పోరాటం ప్రేమ సన్నివేశంగా మారే వీలు కలుగుతుంది. దగ్గరకు రావడం, ఊపిరి తగిలేంత దూరంలో ఆగడం, ఎదుటివారి కదలికను ముందే పసిగట్టడం, గాయపరచగలిగి కూడా కత్తిని పక్కకు తిప్పడం, ఇవన్నీ మర్యాదకు భంగం కలగకుండా ఇద్దరు వ్యక్తులు చేయగలిగిన పనులు.

తెరకెక్కిన తొలినాళ్లలో ఈ కళకు ఇంత సున్నితత్వం లేదు. 1928లో షాంఘైలో మొదలై 18 భాగాలుగా సాగిన ‘ది బర్నింగ్ ఆఫ్ ది రెడ్ లోటస్ టెంపుల్’ జనాన్ని ఉర్రూతలూగించింది. మూఢనమ్మకాలను పెంచుతున్నదన్న కారణంతో 1930ల మొదట్లో నాటి ప్రభుత్వం ఇటువంటి చిత్రాలను నిషేధించింది. తర్వాత ఈ సంప్రదాయం హాంకాంగ్‌లోనూ, తైవాన్‌లోనూ బతికింది. దానికి కళ్లు తెరిపించినవాడు దర్శకుడు కింగ్ హు. అతడు వుషియాకు రాకముందు, 1963 నాటి ‘ది లవ్ ఎటర్న్’ అనే సంగీత ప్రణయ చిత్రానికి లీ హాన్‌షియాంగ్ దగ్గర పనిచేశాడు. పురుషవేషంలో చదువుకోవడానికి వెళ్లిన అమ్మాయి, ఆమె స్త్రీ అని గ్రహించలేని సహాధ్యాయి, చివరికి ఇద్దరూ సీతాకోకచిలుకలుగా మారడం, ఇదీ ఆ చిత్రానికి ఆధారమైన జానపదగాథ. చెప్పలేని ప్రేమ, మారువేషంలోని స్త్రీ అనే రెండు సూత్రాలూ ఆ పాటల సినిమా నుంచి కత్తుల సినిమాలోకి నడిచి వచ్చాయని నా అభిప్రాయం. కింగ్ హు 1966లో ‘కమ్ డ్రింక్ విత్ మి’ తీసినప్పుడు పురుషవేషంలో కత్తి పట్టిన కథానాయిక పాత్రకు బాలే నాట్యం నేర్చిన చెంగ్ పెయ్‌పెయ్‌ని ఎంచుకున్నాడు. బలమైన దెబ్బకన్నా ఖచ్చితమైన లయ అతడికి ముఖ్యం. ఓపెరాలో తాళం ఒక్కసారిగా ఆగి, నటుడు ఒక భంగిమలో బిగుసుకుని, మళ్లీ కదులుతాడు. ఆ విరామాన్ని అతడు కెమెరాకు నేర్పాడు.

అతడి ‘ఎ టచ్ ఆఫ్ జెన్’ 1971లో పూర్తయి, 1975లో కాన్ చిత్రోత్సవంలో సాంకేతిక ప్రతిభకు బహుమతి పొందింది. మూలకథ పు సొంగ్‌లింగ్ రాసిన పాత వింతకథలలోనిది. ఒక బీద పండితుడు, పక్కన పాడుబడ్డ ఇంట్లో దాగిన యువతి. వారిద్దరి మధ్య ఒక్క రాత్రి సాన్నిహిత్యం ఉంటుంది. ఆమె అతడికి ఒక బిడ్డను కని ఇచ్చి మఠానికి వెళ్లిపోతుంది. అది ప్రేమా, ఋణం తీర్చుకోవడమా అన్నది చిత్రం తేల్చదు. తేల్చకపోవడం వల్లనే అందులోని వెదురువనం పోరాటం కేవలం పోరాటంగా మిగలదు. వెదుళ్ల సందుల్లోంచి ఏటవాలుగా దిగే వెలుగు, పొగమంచు, మనిషి కనబడేలోపే మాయమయ్యే వేగం, వీటన్నిటి మధ్య మనకు దొరికేది ఆమె జాడ మాత్రమే. పండితుడికి దొరికిందీ అంతే.

వెదురువనం అప్పటి నుంచి ఈ చిత్రాలకు తప్పనిసరి వేదిక అయింది. చైనా కవులు, చిత్రకారులు వెదురును సజ్జనుడికి గుర్తుగా చెప్పుకున్నారు. అది వంగుతుంది గానీ విరగదు. లోపల ఖాళీగా ఉంటుంది కాబట్టి అహంకారం లేనిది. ‘క్రౌచింగ్ టైగర్’లో లీ ము బాయ్, జెన్ అనే యువతి వెదురు శిఖరాల మీద తలపడతారు. నటులను తీగలకు వేలాడదీసి చిత్రీకరించి, ఆ తీగలను తర్వాత కంప్యూటర్ సాయంతో చెరిపివేశారు. అతడి పాదం కింద కొమ్మ నెమ్మదిగా వంగి మళ్లీ లేస్తుంది. ఆమె పాదం కింద కొమ్మ నిలకడగా ఉండదు. ఇద్దరి మనఃస్థితిలోని తేడా అంతా ఆ కొమ్మల ఊపులో ఉంది. అతడు ఆమెను శిష్యురాలిగా కోరుకుంటున్నాడా, మరో విధంగానా? ఈ సందేహాన్ని సంభాషణలో పెట్టి ఉంటే కథ పలచబడేది. జాంగ్ యిమో 2004లో తీసిన ‘హౌస్ ఆఫ్ ఫ్లయింగ్ డాగర్స్’లో అదే వెదురువనం పూర్తిగా మారిపోతుంది: పైన సైనికులు, చెక్కిన వెదుళ్లు ఈటెలై ఆకాశం నుంచి దిగి, పారిపోతున్న ప్రేమజంట చుట్టూ పంజరం కట్టేస్తాయి.

అదే చిత్రం తొలి భాగంలోని ప్రతిధ్వని క్రీడ ఈ మొత్తం పద్ధతికి మంచి పాఠం. తాంగ్ సామ్రాజ్యం క్షీణిస్తున్న 859వ సంవత్సరంలో, ఒక వేశ్యాగృహంలో, మెయ్ అనే గుడ్డి నర్తకి చుట్టూ డప్పులు నిలబెట్టి ఉంటాయి. లియో అనే అధికారి గింజ విసురుతాడు. అది తగిలిన డప్పును ఆమె శబ్దాన్ని బట్టి గుర్తించి తన దుస్తుల పొడవాటి చేతి అంచుతో కొట్టాలి. ఓపెరా నటీమణులు ‘నీటి చేతులు’ అని పిలిచే ఆ పొడవైన పట్టు అంచులు కోపాన్నీ, సిగ్గునూ, దుఃఖాన్నీ పలికించడానికి శతాబ్దాలుగా వాడుకలో ఉన్నవి. ఆ పాత్ర వేసిన జాంగ్ జియి చిన్ననాటి నుంచి నాట్యం నేర్చుకున్నది కావడం వల్ల ఆ గుడ్డ ఆమె శరీరానికి కొనసాగింపులా కదులుతుంది. మొదటిసారి చూసినప్పుడు అది అధికారికీ, అనుమానితురాలికీ మధ్య పరీక్ష. కథ ముగింపుకు వచ్చేసరికి ఆమె గుడ్డిది కాదని, లియో మూడేళ్లుగా రహస్యంగా ఆమెను ప్రేమించిన సహచరుడని తెలుస్తుంది. అప్పుడు ఆ సన్నివేశాన్ని మళ్లీ తలుచుకుంటే, మూడేళ్ల ఎడబాటు తర్వాత ఇద్దరు ప్రేమికులు అందరి ముందూ, ఎవరికీ తెలియకుండా, గింజలతోనూ గుడ్డతోనూ మాట్లాడుకున్నారని బోధపడుతుంది. అందాన్ని అలంకారంగా చూసి ముచ్చటపడ్డ ప్రేక్షకుడు తానూ మోసపోయానని గ్రహించడం అందులోని చమత్కారం.

రంగుల విషయంలో అపార్థాలు ఎక్కువ. జాంగ్ యిమో 2002 నాటి ‘హీరో’ గురించి రాసేవారు ఎరుపు ఆవేశానికి, నీలం విరహానికి, తెలుపు సత్యానికి అంటూ ఒక పట్టిక వేసి వదిలేస్తారు. అది సగమే నిజం. ఆ చిత్రంలో రంగు మారేది భావం మారినందుకు కాదు, కథ చెప్పేవాడు మారినందుకు. పేరులేని యోధుడు చిన్ రాజ్యపు రాజుకు చెప్పే కట్టుకథ ఎరుపులో ఉంటుంది. అందులో బ్రోకెన్ స్వోర్డ్, ఫ్లయింగ్ స్నో అనే ప్రేమికులు అసూయతో ఒకరినొకరు నాశనం చేసుకుంటారు. రాజు దాన్ని నమ్మక తన ఊహలో అల్లిన కథ నీలంలో ఉంటుంది. అక్కడ అదే ప్రేమికులు ఒకరి కోసం ఒకరు ప్రాణమివ్వడానికి పోటీపడతారు. జరిగినది తెలుపులో, గడిచిన జ్ఞాపకం పచ్చలో. అంటే ప్రేమికులు అందుబాటులో లేరు. వారి గురించి ఇతరులు చెప్పుకునే కథలే మనకు మిగిలాయి. తమ ప్రేమను తాము చెప్పుకోని వారికి పట్టే గతి అదే. రాజు చుట్టూ ఉన్న నలుపుకు మాత్రం చరిత్ర ఆధారం ఉంది: చిన్ వంశం జలతత్త్వాన్ని స్వీకరించి నలుపును తన రంగుగా ఎంచుకుందని ‘షిజీ’ నమోదు చేసింది.

నీలపు కథలో స్నో భౌతికకాయం ఉన్న మండపం పక్కన, జియుజాయ్‌గో లోయలోని అద్దంలాంటి సరస్సు మీద ఇద్దరు యోధులు ఆమె గౌరవార్థం తలపడతారు. పోరాటం మధ్యలో ఎగసిన ఒక నీటిబొట్టు ఆమె ముఖం మీద పడుతుంది. బ్రోకెన్ స్వోర్డ్ ప్రత్యర్థిని వదిలేసి వెళ్లి ఆ బొట్టును తుడుస్తాడు. నా దృష్టిలో ఆ చిత్రమంతటిలో గొప్ప క్షణం వేలాది బాణాలు ఆకాశాన్ని కప్పేసిన దృశ్యం కాదు, ఈ బొట్టు. ఇక తెల్లని కథలో స్నో కత్తి దూసినప్పుడు అతడు అడ్డుకోడు, ఆమె తనను నమ్మాలని. అతడి దేహంలో దిగిన కత్తినే తనలోకీ నొక్కుకుని ఆమె కూడా ముగిసిపోతుంది.

ఈ అందానికి మూల్యం లేదనుకోకూడదు. ‘హీరో’లో ప్రేమికుల త్యాగం చివరికి చేరేది ‘ఆకాశం కింద ఉన్న నేలంతా ఒకటే’ అన్న రాజు సిద్ధాంతానికి. దేశం ఒక్కటి కావడం కోసం నిరంకుశుడిని చంపకుండా వదిలేయాలన్న ఆ వాదాన్ని విమర్శకులు తీవ్రంగా తప్పుపట్టారు, తప్పుపట్టవలసిందే. దృశ్యం ఎంత మనోహరంగా ఉంటే వాదం అంత మెత్తగా లోపలికి దిగుతుంది. 2006 నాటి ‘కర్స్ ఆఫ్ ది గోల్డెన్ ఫ్లవర్’లో ఇదే దర్శకుడు మరో అంచుకు వెళ్లాడు: బంగారం, చేమంతులు, రంగుటద్దాలు తెరంతా పరుచుకుని, మనుషులు వాటి కింద నలిగిపోయారు. అన్నీ చెప్పేసిన తర్వాత చూడడానికి ఏమీ మిగలదు. 2018లో ‘షాడో’కు వచ్చేసరికి అతడు రంగును దాదాపు వదిలేసి సిరాతో వేసిన బొమ్మలా బూడిదరంగు వాన, నల్లని కొండ, తెల్లని దుస్తులు మిగిల్చాడు. చైనా చిత్రకారులు కాగితంలో కొంత భాగాన్ని కావాలనే ఖాళీగా వదిలి, అదే పొగమంచు, అదే నీరు అనుకోమంటారు. తన తొలి విజయాల రహస్యం ఆ ఖాళీలో ఉందని దర్శకుడికి ఆలస్యంగా గుర్తొచ్చినట్టుంది.

ప్రకృతి ప్రేమికుల పక్షాన మాట్లాడుతుందన్న నమ్మకాన్నే తోసిపుచ్చిన చిత్రాలూ ఉన్నాయి. వాంగ్ కార్‌వాయ్ 1994లో తీసిన ‘యాషెస్ ఆఫ్ టైమ్’లో ఎడారి ఎవరినీ ఓదార్చదు, కత్తియుద్ధాలు అలికిన రంగుల్లా చెదిరిపోతాయి, ఎవరు గెలిచారో కూడా స్పష్టంగా తెలియదు. చూపు కోల్పోతున్న యోధుడు ఊరికి వెళ్లి పీచ్ పూలు చూడాలంటూ ఉంటాడు. అతడి మరణం తర్వాత ఆ ఊరికి వెళ్లి చూస్తే పీచ్ చెట్టు ఒక్కటీ ఉండదు, పీచ్ బ్లాసమ్ అన్నది అతడి భార్య పేరు. కథానాయకుడిని ప్రేమించిన స్త్రీ అతడి అన్నను పెళ్లాడుతుంది. కారణం ఒకటే: ఆమె వినాలనుకున్న ఒక్క మాట అతడు ఏనాడూ అనలేదు. ఇతర చిత్రాలు ఏ మౌనాన్ని ఉదాత్తంగా చూపాయో, అదే మౌనాన్ని ఈ చిత్రం పిరికితనంగా, గర్వంగా లెక్కగట్టింది. ఈ సంప్రదాయం తనను తాను ఇంత నిర్దాక్షిణ్యంగా ప్రశ్నించుకున్న సందర్భం నాకు మరొకటి తెలియదు.

హౌ షియావ్‌షియెన్ ‘ది అసాసిన్’ 2015లో కాన్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి తెచ్చింది. పైన చెప్పుకున్న నియె యిన్‌నియాంగ్ కథే ఇది. చంపవలసిందిగా ఆమెను పంపింది ఒకప్పుడు తనకు నిశ్చయమైన వరుడి మీదకే. ఆమె అతడి అంతఃపురంలో పట్టుతెరల వెనుక నిలబడి, అతడు మరో స్త్రీతో తమ చిన్ననాటి సంగతి చెప్పుకోవడం వింటుంది. కెమెరా కూడా తెరల వెనుకే ఉంటుంది. గాలికి తెర ఊగినప్పుడల్లా దృశ్యం మసకబారి మళ్లీ తేరుకుంటుంది. చంపాలా వద్దా అన్న ఊగిసలాటకు ఆ పల్చని గుడ్డే రూపం. పోరాటాలు రెప్పపాటులో మొదలై, గెలుపోటములు తేలకుండానే ఆగిపోతాయి. ఆకర్షణీయమైన యుద్ధాలు ఆశించి వచ్చినవారికి ఇది విసుగు పుట్టిస్తుంది, ఆ విసుగును నేను తప్పుపట్టను.

‘క్రౌచింగ్ టైగర్’ పాశ్చాత్య దేశాలలో పొందిన ఆదరణ, నాలుగు ఆస్కార్లతో సహా, చైనాలో అదే స్థాయిలో దక్కలేదు. ప్రధాన నటుల మాండరిన్ ఉచ్చారణ సహజంగా లేదని అక్కడివారు ఎత్తిచూపారు. చౌ యున్‌ఫాట్‌ది హాంకాంగ్, మిషెల్ యో మలేషియాలో పుట్టిన నటి. పాశ్చాత్యుల కోసం చేసిన అందమన్న విమర్శా వచ్చింది. ఆ విమర్శకు కొంత బలం ఉన్నా, చిత్రానికి ఆధారమైన వాంగ్ దులూ నవలల వరుస 1930ల చివర, 1940ల మొదట్లోనే చైనా పాఠకులకు విషాద ప్రణయాన్నీ కత్తినీ కలిపి అందించిందన్న సంగతిని అది మరిచిపోతుంది. నేడు ఇంటింటి తెరల మీద కనిపించే చైనా కాల్పనిక ధారావాహికలలో పూలరేకులు గంటల తరబడి రాలుతూనే ఉంటాయి, ప్రేమికులు మనసులో మాట విడమరిచి చెప్పుకుంటూనే ఉంటారు. నోరు అన్నీ చెప్పేశాక ఆ రేకులకు అక్కడ పని లేకుండా పోయింది.

‘హౌస్ ఆఫ్ ఫ్లయింగ్ డాగర్స్’ ముగింపు పోరాటాన్ని ఉక్రెయిన్‌లో చిత్రీకరిస్తుండగా అనుకున్నదానికన్నా ముందే మంచు కురిసింది. దర్శకుడు చిత్రీకరణ ఆపలేదు. కథలో ఆ మార్పును ఇముడ్చుకున్నాడు. లియోకూ, మెయ్‌తో పారిపోయిన ఆమె ప్రియుడు జిన్‌కూ మధ్య శరదృతువు రంగులలో మొదలైన ద్వంద్వయుద్ధం తెల్లని మంచులో కొనసాగుతుంది, ఒక్క పోరాటంలో రెండు ఋతువులు గడిచిపోతాయి. గుండెలో బాకు దిగి పడిపోయిన మెయ్ మళ్లీ లేస్తుంది. లియో జిన్ మీదకు బాకు విసిరితే, తన గుండెలోని బాకును పెరికి దాన్ని మధ్యలోనే అడ్డుకుంటానంటుంది. పెరికితే ఆమె బతకదు. లియో చేయి విసురుతాడు. ఆమె బాకు పెరికి విసురుతుంది. కానీ లియో చేతి నుంచి వెలువడింది బాకు కాదు, విసురుకు రాలిన ఒక రక్తపు బొట్టు మాత్రమే. ఆమె బాకు గాలిలో దాన్నే తాకుతుంది. లియో మంచులో తడబడుతూ వెళ్లిపోతాడు. జిన్ ఆమెను ఒడిలోకి తీసుకుని, వేశ్యాగృహంలో మొదటి రాత్రి ఆమె పాడిన పాటను పాడతాడు. ఒక్క చూపుతో నగరాన్ని, మరో చూపుతో రాజ్యాన్ని కూల్చగల ఉత్తరాది సుందరిని గురించిన ఆ గీతం హాన్ చక్రవర్తి వు కొలువులో లి యెన్‌నియెన్ కట్టినది.